స్నేహితుడి నవల

మిత్రుడు సూరిబాబు చదవమని ఇచ్చిన నవల తిరిగిచ్చేయడానికి ఒక శుక్రవారం సెలవునాడు, గల్ఫ్‌లో నేనుండే గుదైబియాలో, అతనుండే రిఫాకు వెళ్లే బస్సెక్కాను. చివరి పేజీలు మిగిలిపోవడంతో ఆత్రంగా చదువుతున్నాను. పేజీ తిప్పబోతుంటే పక్క సీటాయన, "జర ఆగన్నా, ఇంక రెండు లైన్లున్నయి" అన్నాడు. చిరాకేసినా ఆగాను. ఆ తర్వాత ఆయన తలూపితేనే తిప్పాను.

తన లేబర్ క్యాంపు స్టాపు రాగానే ఆయన లేచి, బయటికి చూసి, మళ్లీ కూర్చున్నాడు.

"ఇక్కడ దిగాలా మీరు?" అన్నాను.

"ముందటి స్టాపుల దిగి నడుస్త."

ఆ స్టాపూ వచ్చింది. "రెండు రోజులిస్తవా అన్నా? సదివి తెచ్చిస్త."

"నాది కాదండీ, స్నేహితుడిది."

"గట్లనా? అయితే వద్దులే" అని దిగి, ఎండలో వెనక్కి నడిచాడు.

రిఫాలో సంగతి విన్న సూరిబాబు పుస్తకం అందుకోలేదు. "ఇచ్చేసి రావలసిందిరా!" అన్నాడు.

తర్వాత ఎన్నో శుక్రవారాలు ఆ నవల పట్టుకుని, అదే బస్సులో ఎక్కేవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నాను.