చుక్కికి వచ్చిపోయిన గడ్డ

దయ్యాలను నమ్మాలన్నా కొంచెం ఓపిక ఉండాలి. నాకు ఆ ఓపిక ఎన్నడూ లేదు. పశువైద్యం చదివి, కొన్నాళ్లు సర్కారు కొలువు చేసి, ఆ తర్వాత గోదావరిఖనిలో ఒక చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుక్కలు, పిల్లులు, వాటి వెనక వాటి మనుషులు. నా బల్ల మీద ప్రాణం పోయిన జీవాలు చాలానే ఉన్నాయి. ఒక్కటి కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది దయ్యం కథ కాదు. ఏం కథో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కుక్కకు క్యాన్సర్ అంటే ఇక్కడ చాలామంది నవ్వుతారు. "కుక్కకు గూడ వస్తదా?" అంటారు. వస్తుంది. ఆడకుక్కలకు రొమ్ముల్లో గడ్డలు వస్తాయి. తెల్లపిల్లులకు ఎండ తగిలి చెవి అంచున మానని పుండు పడుతుంది. తొందరగా తెస్తే చాలావాటిని బతికించవచ్చు. ఎవరూ తొందరగా తేరు. గడ్డ కుంకుడు గింజంత ఉన్నప్పుడు పసుపు రాస్తారు. నిమ్మకాయంత అయ్యాక వేపాకు నూరి కడతారు. పగిలి వాసన కొట్టినప్పుడు ఆటోలో వేసుకొచ్చి, ఒక్క సూదితో తగ్గుతుందా అని అడుగుతారు. మొదట్లో కోప్పడేదాన్ని. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో శక్తి లేదు.

అందుకే కొమురయ్య వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే వచ్చిన మనిషి అతను.

కొమురయ్య భూగర్భ గనిలో పని చేస్తాడు. పైకప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టే పని. కంపెనీ క్వార్టర్లో అతనూ, భార్య రాజక్కా, ముసలి తల్లీ ఉంటారు. నాలుగో ప్రాణి చుక్కి. తెల్లటి ఊరకుక్క, నుదుటి మీద నల్లటి మచ్చ. పిల్లలు లేరు కాబట్టి దాన్ని పిల్లలా చూసుకుంటారని అందామంటే, పిల్లలకు కూడా అంత గారాబం జరగడం నేను చూడలేదు.

"ఒళ్లు నిమురుతాంటె చేతికి తాకింది డాక్టరమ్మా. మొన్నటిదాక లేకుండె" అన్నాడు.

చుక్కిని వెల్లకిలా పడుకోబెట్టి తడిమాను. ఎడమ వైపు, పైనుంచి రెండో రొమ్ము కింద గట్టిగా తగిలింది. కుంకుడు గింజంత ఉంటుంది. వేళ్ల కింద జారడం లేదు. సన్న సూదితో కొంచెం లాగి, గాజుపలక మీద పరిచి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. అలాంటి కణాలను ఇన్నేళ్లలో చాలాసార్లు చూశాను. అయినా నా మీద నాకు నమ్మకం చాలక, హైదరాబాద్‌లో ఇదే పని చేసే నా క్లాస్‌మేట్‌కు ఆ గాజుపలకలు పంపాను. అతనూ క్యాన్సరే అన్నాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు కోసి తీసేస్తే చుక్కి బతుకుతుందని కొమురయ్యకు చెప్పాను. ఆదివారం అతనికి సెలవు కాబట్టి ఆపరేషన్ ఆ రోజు పెట్టుకున్నాం.

శనివారం సాయంత్రం రక్తపరీక్ష కోసం తెచ్చినప్పుడు గడ్డను మళ్లీ తడిమి చూసి, చెరగని సిరాతో దాని చుట్టూ చర్మం మీద సున్నా చుట్టాను. ఏళ్లుగా నా దగ్గర జంతువులను పట్టుకునే సలీం భాయ్ కూడా వేలుపెట్టి చూశాడు. అంటే గడ్డను పట్టి చూసినవాళ్లం ముగ్గురం. ఇది ముందే చెప్పడం మంచిది.

ఆదివారం కొమురయ్య రాలేదు. ప్లే డే డ్యూటీ పడిందట. సెలవు నాటి డ్యూటీకి రెట్టింపు కూలి, దొరికితే ఇక్కడ ఎవరూ వదులుకోరు. రాజక్క ఒక్కతే ఆటోలో చుక్కిని తీసుకొచ్చింది. ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. కుక్క కోసం అనుకున్నాను. అలా ఏడ్చేవాళ్లను రోజూ చూస్తాను కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

మత్తు ఇచ్చాం. సలీం భాయ్ వెంట్రుకలు గొరిగాడు. నేను చేతులు కడుక్కుని గ్లౌజులు వేసుకుని వచ్చాను. నేను చుట్టిన సున్నా ఉంది. సున్నాలో గడ్డ లేదు.

మొదట సలీం భాయ్ మీద విసుక్కున్నాను. ఏం చేసినా ఆయన మీద విసుక్కోవడం నాకు అలవాటు. తర్వాత నొక్కాను. ఆ చోట, దాని పైన, దాని కింద, రెండో వైపు. ఒక్కొక్క రొమ్మూ, చంకలూ, తొడల సందులూ తడిమాను. ఎక్కడా మెంతిగింజంత గట్టితనం కూడా లేదు. గ్లౌజులు తీసేసి ఉత్త చేత్తో నొక్కాను. సలీం భాయ్ కూడా నొక్కి, "కల్ తో థా" అని గొణిగాడు. నిన్న ఉంది కదా అని. ఉంది. నాకూ తెలుసు.

లేని గడ్డను కోయలేం కదా. చుక్కిని అలాగే ఎత్తుకెళ్లి బయటి గదిలో దుప్పటి మీద పడుకోబెట్టాం. గడ్డ కనబడటం లేదని, ఎందుకో నాకు తెలియదని రాజక్కకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తల వంచుకుని, కొంగు కిందుగా చెయ్యి తన ఎడమ వైపు పెట్టుకుంది.

"యాడికీ పోలేదు డాక్టరమ్మా. నా దగ్గరికే మర్లి వచ్చింది" అంది.

ఆమె చెప్పినదంతా ఇక్కడ నా మాటల్లో రాస్తున్నాను. వానాకాలంలో ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ములో గట్టిగా తగిలిందట. మొగుడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"ఎప్పుడు చెప్పాలె? డ్యూటీకి పోయేటోనికి చెడ్డ మాట చెప్పరు. మనిషి బాయిల ఉండి మనసు ఇంట్ల ఉంటె ఎట్ల? డ్యూటీ చేసొచ్చి పన్నోన్ని లేపి చెప్తమా? లేసేసరికి మల్ల షిఫ్టు టైమాయె."

ఇక్కడ గనిని బాయి అంటారు. లోపలికి దిగే మనిషికి చెడు కబురు చెప్పకూడదన్నది ఈ క్వార్టర్లలో ఎవరూ తప్పని నియమం. కింద పరధ్యానంగా ఉన్నవాడి మీదే కప్పు కూలుతుందని వాళ్ల భయం. అది ఉత్త భయం కాదు కూడా. కానీ మూడు షిఫ్టులు తిరిగే ఇంట్లో, చెడు కబురు చెప్పడానికి అసలు వేళే దొరకదు. గడ్డకు మాత్రం షిఫ్టులు లేవు, అది పెరుగుతూనే ఉంటుంది.

దవాఖానకు ఒక్కతే పోవడానికి ధైర్యం చాలలేదు. ఒక అమావాస్య నాడు పసుపన్నం ముద్ద చేసి, ఉప్పు కలిపి, గడ్డ చుట్టూ తిప్పుకుందట. నాలుగు బాటల కాడ పారేద్దామని వాకిలి దాటుతుంటే చుక్కి వెనకాలే వచ్చింది.

"నేను ఎయ్యలే డాక్టరమ్మా, ఒట్టు. అదే చేతులకెల్లి గుంజుకొని తిన్నది."

దిష్టి ముద్ద కుక్కకు వేయడం నాకు తెలియనిది కాదు. ఇంటి గండం మూగజీవి తీసుకుపోతుందంటారు. పెంపుడు కుక్క చచ్చిపోతే, మన మీదికి వచ్చింది దాని మీదికి పోయింది లే అని నా ఎదుటే ఓదార్చుకున్నవాళ్లు ఎంతమందో. నేను తలూపి ఊరుకుంటాను. వాదించి ఎవరిని ఉద్ధరించాలి?

ఆ ముద్ద తర్వాత గడ్డ మెల్లగా కరిగిపోయిందని రాజక్క చెప్పింది. వెతుక్కున్నా చేతికి తగల్లేదట. ఆ వారంలోనే కొమురయ్యకు చుక్కి ఒంటి మీద గడ్డ దొరికింది. ఆమెకు విషయం అర్థమైంది. నోరు మెదపలేదు.

"సిగ్గు లేకుండ నిద్రపోయిన. ఎన్నడు పోనంత నిద్ర" అంది.

ఆ పొద్దున ఆటోలో చుక్కి ఆమె ఒడిలో తల పెట్టుకుని ఎప్పటిలాగే గాలికి ముక్కు చాపిందట. షికారుకు తీసుకుపోతున్నారనుకుంది కాబోలు. ఆమెకు దుఃఖం ఆగలేదు. దాని చెవిలో, "నాది నాకియ్యి బిడ్డా" అంది. బస్టాండు దాటుతుండగా రొమ్ములో సలుపు మొదలైంది. మా క్లినిక్ మెట్లెక్కుతూ తడుముకుంటే గడ్డ ఉంది.

నేను మనుషుల డాక్టర్ని కాను. అయినా లోపలికి తీసుకెళ్లి తెర వేసి చూశాను. ఎడమ వైపు. గట్టిగా, కుంకుడు గింజంత. వేళ్ల కింద జారడం లేదు. తర్వాత చేతులు కడుక్కోవడానికి నల్లా తిప్పి, ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. సలీం భాయ్ వచ్చి నల్లా కట్టేశాడు.

నాకు భయం వేసింది. ఆ మాట దాచుకోవడం ఎందుకు? కానీ భయపడుతూ కూర్చుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఈ రోజే కొమురయ్యకు చెప్పాలన్నాను. ఇప్పుడు బాయిలో ఉన్నాడంది. పైకి వచ్చాక నేరుగా ఇక్కడికే రమ్మని ఫోన్లో మెసేజ్ పెట్టించాను. చుక్కి బాగానే ఉందని కూడా రాయించాను, దారిలో బండి జోరుగా తోలకుండా.

ఎదురుచూశాం. సలీం భాయ్ చాయ్ తెచ్చాడు. చుక్కికి మత్తు దిగి, తూలుకుంటూ వచ్చి రాజక్క కాళ్ల దగ్గర పడుకుంది. మొదటి షిఫ్టు విడిచాక కొమురయ్య వచ్చాడు. స్నానం చేసినా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలే ఉంది.

"తీసిన్రా?" అని అడిగాడు.

రాజక్కే చెప్పింది. గడ్డా, ముద్దా, ఆటోలో అన్న మాటా, ఏదీ దాచలేదు. అతను గోడకు ఆనుకుని గొంతుక్కూర్చుని అంతా విన్నాడు. తిట్టలేదు. "నాకు చెప్పాలె గదనే" అని మాత్రం అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి నేను పట్టి చూసిందేంది డాక్టరమ్మా?"

అది తర్వాత చూద్దాం, రేపు పొద్దున్నే దవాఖానకు పొమ్మన్నాను.

వెళ్లారు. కంపెనీ దవాఖాన నుంచి హైదరాబాద్ పంపారు. క్యాన్సరే. చంకల్లోకి పాకకముందే దొరికిందని అక్కడి డాక్టర్లు చెప్పారట. ఆపరేషన్ అయింది, ఆ తర్వాత కీమో. జుట్టంతా రాలిపోయింది. మంచినీళ్లు కూడా లోపల నిలవని రోజుల్లో, అత్త ఉండబట్టలేక పసుపన్నం ముద్ద చేసి కోడలి చుట్టూ తిప్పి చుక్కిని పిలిచిందట. మంచం మీదున్న రాజక్క లేచి, ఆ ముద్ద లాక్కుని తనే తినేసింది. తిన్న మరుక్షణం కక్కింది కూడా. ఈ సంగతి నాకు కొమురయ్య చెప్పాడు. చెబుతూ నవ్వాడు, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

నాకు చేతనైనంత ఆలోచించాను. ఉత్తుత్తి చూలు వచ్చిన కుక్కలకు రొమ్ములు గట్టిపడి తర్వాత మామూలవుతాయి. కానీ చుక్కికి గర్భసంచీ అండాశయాలూ ఎప్పుడో నేనే తీసేశాను. చీము గడ్డ అయితే కరగొచ్చు. కానీ సూదిలో వచ్చింది చీము కాదు. గాజుపలకలు తిరిగి తెప్పించుకుని మళ్లీ చూశాను. ఆ కణాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇవి కుక్కవేనా అని నా క్లాస్‌మేట్‌ను అడిగాను. చూసి చెప్పడం కష్టం, కుక్కవని నువ్వే రాసి పంపావు కదా అన్నాడు. రాజక్క గడ్డ నడుమ కరిగిపోయిందన్నది ఆమె మాట ఒక్కటే, దానికి సాక్ష్యం లేదు. అది కూడా ఒప్పుకుంటున్నాను.

తెలిసిన డాక్టర్లు నా వేళ్లు పొరబడి ఉంటాయంటారు. అదే సులువు. కానీ ఈ వేళ్లను నమ్ముకునే ఇన్నేళ్లుగా మూగజీవాల ఒళ్లు కోస్తున్నాను. మర్నాడు మళ్లీ బల్ల దగ్గర నిలబడి కత్తి పట్టుకోవాల్సింది నేనే కదా.

మొన్న రాజక్క చుక్కికి రేబిస్ టీకా వేయించడానికి వచ్చింది. నెత్తిన కురచగా కొత్త జుట్టు మొలిచింది. బాగా చిక్కింది గానీ మనిషి బాగానే ఉంది. చుక్కి ఒళ్లంతా తడిమి చూడమంది. చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి చూడమంది. ఇంకోసారి చూశాను.

ఆ రోజునుంచి అడగాలనుకుంటూ అడగని మాట ఒకటుంది. పోయిన జబ్బును తిరిగి ఇమ్మని ఎందుకు అడిగావని అడిగాను. పాపభీతి అంటుందనుకున్నాను. ఆమె ఏదో కూరగాయల బేరం చెప్పినట్టు చెప్పింది.

"నాకైతే కంపెనీ దవాఖాన ఉన్నది. చిట్టి రాసి హైదరాబాద్ పంపుతరు. మందులిస్తరు. దానికేమున్నది డాక్టరమ్మా?"

దానికి నేనున్నాను అనబోయి ఆగిపోయాను. ఈ ఊళ్లో కుక్కకు క్యాన్సర్ వస్తే ఉన్నది ఒక బల్ల, ఒక పాత మైక్రోస్కోపు, నేను, సలీం భాయ్. రాజక్క అన్నదాంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. అడిగితే అది ఎలా తిరిగొచ్చిందన్నదే నాకు ఈ రోజుకీ తెలియదు.