వెలిసిన నెమలి కంఠం కోసం జార్జి టౌన్‌కు

నా చేతిరాత బాగుండదు. ఊళ్లో ఐదో తరగతితో బడి ఆగింది, తప్పులుంటే మన్నించండి. కాగితం మీద రాసిస్తే మా కోడలు బ్లాగులో పెడుతుంది.

తొండియార్‌పేటలో మా వరుస ఇళ్లన్నీ ఒకే మాదిరి. మా ఆవిడ సరోజకు చూపు మందగించింది. పాలు తీసుకుని వచ్చేటప్పుడు తలుపు రంగును బట్టే మా ఇల్లు గుర్తుపడుతుంది. ఆ తలుపుకు చెదలు పట్టింది. కొత్తది చేయించాం. రంగు మారితే ఆమె ఒంటరిగా బయటికి వెళ్లలేదు. మా పెళ్లికి నాయన పూయించిన రంగు అది. పేరు నెమలి కంఠం.

పొద్దున తొమ్మిదికి బస్సెక్కితే అరగంటలో జార్జి టౌన్ బజారు. పదయ్యాక వెళ్తే తోపుడు బండ్లతో సందులు నిండిపోతాయి. పాత తలుపు నుంచి కోసిన చెక్కముక్క సంచిలో పెట్టుకున్నాను. రంగుల కొట్టామెకు రంగు పేరు, కంపెనీ పేరు చెబితే నవ్వింది.

"పెద్దాయనా, ఒక్కో కంపెనీకి ఒక్కో నెమలి. నీ కంపెనీ ఎప్పుడో మూసేసినారు. ఈడ అంతా నంబర్లే."

ఆ పేరున్న కొత్త రంగు కార్డు చూపించింది. ముదురు నీలం. మాది కాదు. చెక్కను రంగు కొలిచే మిషను కింద పెట్టింది. మడతబందు ఊడదీసిన చోట ఎండ తగలని రంగుకు ఒక నంబరు, పైన వెలిసిన రంగుకు ఇంకొకటి వచ్చాయి.

లోపలిది చూడగానే ఆ పెళ్లినాటి తలుపు కళ్లముందుకొచ్చింది. పసుపు బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇదే కదా అసలుది? కలపనా?"

"వద్దమ్మా. వెలిసిందే కలుపు."

"కొత్త తలుపుకి పాత రంగా? ఏం పెద్దాయనా, ఇంట్లో తిట్టరా?"

"రోజూ ఆమె చూసేది అదే."

అర లీటరు చాలింది. మర్నాడు నేనే పూశాను. ఆరాక, ఏమీ చెప్పకుండా ఆమెను పాలకు పంపాను. వాకిట్లో ఓ పక్కకు నిలబడి చూశాను. వచ్చింది. పక్కింటి ముందు ఆగలేదు. నేరుగా మా తలుపు మీద చెయ్యి పెట్టి గొణిగింది.

"ఏందయ్యా, ఇంకా రంగెయ్యలేదా? సోమరిపోతు!"

పాలు అందుకున్నాను. నాయన రంగు నాకొక్కడికి గుర్తుంటే చాలనిపించింది.

మీరూ వెళ్తే పేరు చెప్పకండి, ముక్క తీసుకెళ్లండి. కలిపిన రంగు ఆరాక ఎండలో చూసి కొనండి. ఆ పాత నెమలి కంఠం మీ ఇంట్లో ఏ తలుపు మీదైనా మిగిలి ఉందా? ఉంటే తొందరగా ఒక ముక్క రాయండి, ఎదురుచూస్తుంటాను.