మక్క బెండు బిరడాలు

మా వాడలో నల్లా నీళ్లు పొద్దున ఒక్కపూటే వస్తాయి. తిప్పే నల్లా ఉంటే ధార సన్నబడుతుందని అందరూ దాన్ని ఊడబీకి ఉత్త గొట్టం ఉంచుకున్నారు. బిందెలు నిండాక ఆ నీళ్లన్నీ మోరీ పాలు. మా ఇంట్లో మాత్రం నల్లా ఉంది. చుక్క కింద పడితే నేను ఊరుకోనని ఇంట్లో అందరికీ తెలుసు.

మా మనుమరాలు సర్కారు బడిలో నాలుగో తరగతి. దాని దోస్తుది వాడ చివర మిట్ట మీది ఇల్లు. తల్లీ తండ్రీ పొద్దున్నే కూలికి పోతే నీళ్లు పట్టే పని ఆ పిల్లదే. కిందిళ్ల గొట్టాలు పారినంతసేపూ మిట్ట మీదికి నీళ్లెక్కవు. ఎక్కేసరికి బడి గంట కొడతారు. ఇట్లయితే బడి మాన్పిస్తానని తల్లి అంటోందట.

టీచరమ్మ నీళ్ల పాఠం చెప్పి ఊరుకోలేదు. మన వాడ నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, ఏం చేయొచ్చో మీరే ఆలోచించండని పిల్లల్ని పంపింది. నేను చదివింది రెండో తరగతి. మా కాలంలో బడంటే చేతులు కట్టుకొని కూర్చోవడమే.

ఆ సాయంత్రం మనుమరాలు నా దగ్గరికి వచ్చింది.

"అవ్వా, మక్క బెండ్లు గిన్ని ఇయ్యవా? కొస చెక్కి, పేలిక చుట్టి గొట్టాలకు బిరడాలు వెడతం."

"వానకాలం నా పొయ్యికి గవ్వే దిక్కు."

"మా దోస్తుకు బడి బందయితది అవ్వా."

మొక్కజొన్న గింజ ఒలిచాక మిగిలిన ఆ బెండ్లను సంచిలో కట్టి అటక మీద దాచుకుంటాను. ఎవరినీ ముట్టనివ్వను. ఆ రోజు నేనే దింపి కొన్ని ఇచ్చాను.

పొద్దున మనుమరాలు ముందు నడవగా పిల్లల గుంపు పక్కింటి మా మరిది వాకిట్లో నిలబడింది.

"ఏందే, మీ టీచరు సదువు జెప్తలేదా? నల్లాల పని నేర్పుతున్నదా?" అని నవ్వాడు మరిది.

"గిది సదువే తాతా. నీ బిందెలు నిండినంక గొట్టం మూస్తే నీళ్లు మిట్ట మీదికి ఎక్కుతయి."

"ఎక్కకపోతే?"

"బిరడా పీకి నీ పొయ్యిల వెట్టుకో."

మరిది మా వాకిట్లో ఉన్న నావైపు తిరిగాడు. "వదినా, గిది అచ్చం నీ లెక్కనే ఉన్నది."

"నా లెక్కుంటే గింత మంచిగ అడగకపోతుండె. ముందు గొట్టం మూయి" అన్నాను.

మూశాడు. ఆయన మూశాక మిగతా ఇళ్లవాళ్లకు వంక దొరకలేదు. ఇప్పుడు ఎవరి గొట్టమన్నా పారితే కేకలేసేది ఆయనే.

తర్వాత ఒకనాడు చేనుకు పోతూ బడి ముందు ఆగాను. ప్రార్థన జరుగుతోంది. మిట్ట మీది పిల్ల నున్నగా దువ్విన తలతో వరుసలో మా పిల్ల పక్కన నిలబడి ఉంది. మా పిల్ల నన్ను చూసి కూడా జోడించిన చేతులు విప్పలేదు. అదీ నాకు నచ్చింది.

ఇంటికొచ్చాక మెచ్చుకోలేదు, నాకది అలవాటు లేదు. నానిన బిరడాలు పాడవుతాయి కదా, బెండ్ల సంచిని అటక మీంచి దింపి దాని చేతికందే చోట పెట్టాను.