నన్ను గుడి దగ్గర దింపేశారు

ఏదో తేడాగా ఉందని మొదట తెలిసింది కోటిపల్లి రేవులో. ఏరు దాటించే పంటు దిగుతూ కాలు ముందుకు వేశాను. అది బల్ల మీద కాక పక్కన గోదావరిలో పడింది. వెనకున్నావిడ నా జబ్బ పట్టుకుని లాగింది. బల్ల ఎడమ అంచు నాకు కనిపించలేదు. మసకగా కూడా కాదు, అసలు అక్కడ అంచు ఉన్నట్టే లేదు.

మాది ముక్తేశ్వరం. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయన కువైట్‌లో ఉంటారు. దిష్టి, శకునం, కర్మఫలం ఇవన్నీ అబద్ధమని పాతికేళ్లుగా సభల్లో వాదిస్తున్నదాన్ని. అలాంటి నేనే కళ్ళజోడు మారిస్తే సరిపోతుందనుకున్నాను. అమలాపురంలో మార్పించాను. పుస్తకంలో అక్షరం బాగానే కనబడేది, పక్కనుంచి వచ్చే సైకిల్ మాత్రం గుద్దేదాకా కనబడేది కాదు.

చివరికి కాకినాడ వెళ్ళాను. కంటి ప్రెషర్ చూశారు, చూపు ఎంతమేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేశారు. డాక్టరుగారు కాగితం మీద నల్లగా ఉన్న భాగమంతా చూపించి, "గ్లకోమా అమ్మా. ఈ నలుపంతా పోయిన చూపు, అది తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలి. డ్రాప్స్ ఒక్క పూట కూడా మానకూడదు" అన్నారు. ఎడమ కంట్లో ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం, దాదాపు అయిపోయిందన్నారు. కుడి కంట్లో మిగిలిన నడిమధ్య చూపు, గొట్టంలోంచి చూసినట్టుండే ఆ కాస్త చూపు, అదొక్కటే నా ఆస్తి.

తెల్ల కర్ర పట్టుకోమన్నదీ డాక్టరుగారే. పట్టుకున్న మర్నాటి నుంచి ఊరు మారిపోయింది. పొద్దున్నే రేవుకి వెళ్దామని షేర్ ఆటో ఎక్కబోతే డ్రైవరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమీ అనుకోకండే టీచరుగారూ. ఇంకా బోణీ అవ్వలేదండి. ఎవరైనా ఇద్దరు ఎక్కేక ఎక్కుదురు గాని."

నా కర్రకీ నీ ఇంజనుకీ సంబంధం ఏమిటని అడిగాను. "ఆయ్, ఏమీ లేదండి" అన్నాడు. మరైతే ఎక్కించుకోమన్నాను. "ఇద్దరు ఎక్కేకండి" అన్నాడు. వేదిక మీద ఎదుటివాడు ఒప్పుకోకపోతే ఎంతసేపైనా వాదించగలను. అన్నీ ఒప్పుకుంటూనే చెయ్యి తియ్యనివాడితో ఏం వాదిస్తాను? ఎండలో నిలబడ్డాను. మా కోనసీమ మర్యాద ఎంత గట్టిదో ఆ రోజు తెలిసింది.

అయినా చెకప్‌లు మానలేదు. ఒక శనివారం రమ్మన్నారు, ప్రెషర్ చూసి తగ్గకపోతే సర్జరీ తేదీ రాస్తామన్నారు. పంటు దాటి కాకినాడ బస్సు ఎక్కాను, టికెట్టు కాకినాడకే కొన్నాను. ద్రాక్షారామం దగ్గరపడుతుండగా చుక్కలు వేసుకునే వేళయింది. వేసుకుని, సీసా సంచిలో పెట్టి, సంచి సీటు కిందికి తోసి, తెల్ల కర్ర ఒళ్ళో పెట్టుకుని, డాక్టరుగారు నేర్పినట్టు ముక్కు పక్కన వేలితో నొక్కి కళ్ళు మూసుకున్నాను. బస్సు ఆగింది. పక్కావిడ నా రెక్క పట్టుకుని లేవదీసింది.

"లేవండమ్మా, గుడి వచ్చింది. మేమూ గుడికే."

నేను కాకినాడండీ అన్నాను. రెండోసారి గట్టిగా అన్నాను. వినపడలేదని కాదు, విన్నారు. ఇంకొకాయన రెండో రెక్క పట్టుకున్నాడు. వెనకనుంచి దిగేవాళ్ళ తోపుడు. కాళ్ళు మెట్ల మీదికి వచ్చేశాయి. "పర్లేదమ్మా, స్వామిని చూసుకుని తర్వాతి బస్సుకి వెళ్దురు గాని" అంది ఆవిడ, ఎంతో ప్రేమగా. బస్సు కదిలిపోయింది. నా సంచి, అందులో చుక్కల సీసా, ఫైలు, పర్సు, ఫోను అన్నీ బస్సుతోపాటే పోయాయి.

సంచి, సంచి అని అరిచాను. వాళ్ళు నన్ను నడిపించుకుపోయి ఒక అరుగు మీద కూర్చోబెట్టారు. "అందరూ ఇక్కడే కూర్చుంటారండి" అన్నాడాయన. ఎవరా అందరూ అని చూద్దును గదా, అడుక్కునేవాళ్ళ వరస. ఒళ్ళో ఎవరో అరటిపండు పెట్టారు. నేను టీచర్నండీ అన్నాను. "ఆయ్, అలాగేనండి" అని ఆ గొంతు ముందుకెళ్ళిపోయింది. నా పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం, "కొత్తా? పండు దాచుకో, కోతులొస్తాయి" అన్నాడు. ఆ పూట నాకు పనికొచ్చే మాట చెప్పింది ఆయనొక్కడే.

పూలమ్మే ఆవిడ ఫోను తీసుకుని మా వదినకి చెప్పాను. వదిన వచ్చేసరికి కాకినాడలో ఓపీ అయిపోయింది. చుక్కల పేరు నాకు నోటికి రాదు. గుర్తున్న ముక్క చెబితే మందుల షాపులో "ఆ రకం మా దగ్గరుండదండి" అన్నారు. ఆదివారం ఓపీ ఉండదు, రోజంతా చుక్క లేదు. రాత్రికి కుడి కన్ను పగిలిపోతున్నట్టు నొప్పి, వాంతులు. సోమవారం డాక్టరుగారు ప్రెషర్ ఒకసారి చూసి, మళ్ళీ చూశారు. తర్వాత, "ఎందుకు మానేశారమ్మా?" అన్నారు. నేను మానలేదండీ, నన్ను దింపేశారండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

సర్జరీ చేశారు. ప్రెషర్ దిగింది, కుడి కంట్లో పోయిన చూపు మాత్రం రాలేదు. ఆ రెండు రోజుల వల్లే పోయిందని నేను రుజువు చెయ్యలేను. నరం అంతకుముందే చాలా ఎండిపోయిందన్నారు డాక్టరుగారు. రుజువు లేని మాట నేను అనను. కానీ అక్షరం చూసిన చివరి రోజు ఆ శనివారమే. టికెట్టు మీద ఊరి పేరు చదువుకున్నాను.

ఇప్పుడు కిటికీ ఎక్కడుందో, గోడ ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. బడి మానేశాను. పెళ్ళికి వెళ్తే వదినను అడుగుతారు, "ఆవిడ కాఫీ తాగుతారా?" అని. చెవులు బాగానే ఉన్నాయని చెప్పే ఓపిక కొన్నిసార్లు ఉండదు. పూర్వజన్మ పాపం అనేవాళ్ళకి మాత్రం ఇప్పటికీ జవాబు చెబుతాను. పాపం ఉంటే అది ఈ జన్మలోదే, పట్టుకు లాగిన చేతులది. కొన్నాళ్ళు పొద్దున లేవాలనే అనిపించలేదు. ఇవాళ కూడా అనిపించలేదు, చుక్కల వేళయిందని లేచాను. ఆ కిటికీ వెలుగైనా పోకుండా ఉండాలిగదా.

చూపున్నవాళ్ళకి చెప్పాల్సింది పాతికేళ్లు చెప్పాను. ఇది చూపు తగ్గుతున్నవాళ్ళకి. చుక్కల సీసా సంచిలో పెట్టకండి. జాకెట్టుకో చొక్కాకో లోపల జేబు కుట్టించుకుని, సీసా, మందు చీటీ, ఫోను అందులో పెట్టుకోండి. మిమ్మల్ని ఎవరు ఎక్కడ దింపేసినా అవి మీతోనే దిగాలి. చెయ్యి పట్టుకునే ముందు "ఎక్కడికండీ?" అని అడగడం జనం ఎప్పటికైనా నేర్చుకుంటారేమో. అంతవరకూ మీ కంటి నరం ఆగదు.