ఎవరికి మరదలు?

గవర్నర్‌పేటలోని మా ఆఫీసులో ఏ తగువు వచ్చినా ముందు టీ తెప్పిస్తారు. ఆ రోజూ తెప్పించారు. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చే కొత్తమ్మాయి తన సెక్షన్ పెద్దాయన మీద ఫిర్యాదు చేసింది. "ఏం మరదలా" అని పిలుస్తాడట, వద్దంటే చున్నీ పట్టుకుని లాగుతాడట. ఇంట్లో తెలిస్తే ఉద్యోగం మాన్పించేస్తారని ఆ పిల్ల భయం.

విచారణకు కూర్చున్నది నలుగురు మగవాళ్ళు, నేను. అమ్మాయి మా ముందు జరిగిందంతా చెప్పింది.

"వరస కలిపాడండీ, అంతే. మనవైపు మామూలేగా," అన్నారొకాయన. అందరూ నవ్వారు. ఎవరి జోలికీ పోని మా అకౌంట్స్ ఆయన కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"చున్నీ లాగడం ఏం వరసండీ?" అన్నాను.

"మీరు మరీ సీరియస్ అయిపోతున్నారు మేడం."

మందలించి వదిలేద్దామన్నారు. అమ్మాయి తల దించుకుని వెళ్ళిపోయింది. నేను వదల్లేదు. కమిటీలో సగమన్నా ఆడవాళ్ళు ఉండాలని చట్టం ఉందని మేనేజరు గారి గదిలో గొంతు పెంచాను. ఆయన ఇద్దరు మగవాళ్ళని తప్పించి ఇద్దరు ఆడవాళ్ళని వేశారు.

ఆడవాళ్ళు రాగానే అంతా చక్కబడిందని అనుకోకండి. వచ్చినవాళ్ళలో ఒకావిడ, "మా రోజుల్లో ఇలాంటివి పట్టించుకునేవాళ్ళం కాదమ్మా," అంటూ మొదలుపెట్టింది. కానీ అమ్మాయి మళ్ళీ మొదటినుంచీ చెబుతుంటే ఈసారి ఎవరూ నవ్వలేదు.

కమిటీలో మిగిలిన అకౌంట్స్ ఆయన గొంతు సవరించుకుని, ఎదురుగా కూర్చోబెట్టిన సెక్షన్ పెద్దాయన వైపు తిరిగారు.

"మరదలన్నారు, సరే. ఆ అమ్మాయి మిమ్మల్ని ఎప్పుడన్నా బావా అందా?"

ఇందాక "మా రోజుల్లో" అన్నావిడే కుర్చీ ముందుకు జరుపుకుని, "మరి చున్నీ ఎందుకు పట్టుకున్నావయ్యా?" అని నిలదీసింది.

పెద్దాయన్ని వేరే ఊరి బ్రాంచికి మార్చారు. అమ్మాయి ఉద్యోగం నిలబడింది.

మెట్లు దిగుతూ అకౌంట్స్ ఆయన్ని అడిగాను.

"ఆ మాట మొదటిరోజే అడగొచ్చుగా సార్?"

"అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ ఏం అడుగుతానండీ," అన్నారు. కోప్పడదామనుకున్నాను గానీ జాలేసింది. ఆయనకీ ఆ గదిలో తోడు కావాల్సొచ్చింది.

కింద అమ్మాయి నాకోసం ఆగి ఉంది. థాంక్స్ చెబుతుందనుకున్నాను.

"మేడం, రెండుసార్లూ నేను అదే చెప్పానండీ. మొదటిసారి చెప్పడంలో ఏమన్నా తప్పు చేశానా?"

"లేదమ్మా, సరిగ్గానే చెప్పావు," అన్నాను. మరి అప్పుడెందుకు నవ్వారని అడుగుతుందేమోనని, బస్సు వేళయిందంటూ నేనే తొందరపెట్టి పంపేశాను.