నల్లదుమ్ము గురించి రాశాను

బ్లాగు మొదలుపెట్టిన రోజు నా చేతిలో అమ్మడానికి ఒక్క ఇల్లూ లేదు. ఉంటే బహుశా మొదలుపెట్టేదాన్నే కాదు.

అంతకుముందు ద్వారకా నగర్‌లో ఒక బిల్డర్ ఆఫీసులో ఏళ్ల తరబడి రిసెప్షన్‌లో కూర్చున్నాను. వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చేది నేనే, ఫ్లాట్లు చూపించేదీ నేనే. బేరం కుదిరాక పేరు మాత్రం లోపల ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకి పోయేది. అలా చాలాకాలం చూసి విసుగొచ్చి బయటికి వచ్చేశాను. ఏజెంటుగా రిజిస్టర్ చేయించుకుని, విజిటింగ్ కార్డులు కొట్టించుకున్నాను. కంచరపాలెంలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. వెనక పట్టాల మీద గూడ్సు పోతున్నప్పుడల్లా ఫోన్‌లో అవతలివాళ్లని కాస్త ఆగమనాల్సి వచ్చేది.

ఆగమనడానికి కూడా పెద్దగా ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. ఇల్లు అమ్ముకునేవాళ్లు ఆడమనిషిని నమ్మి తాళాలు ఇవ్వరు. మా పక్క వీధిలో ఒక పాత ఏజెంటు ఉన్నాడు. టీకొట్టు ముందు ఆగిన బైకే ఆయన ఆఫీసు. వచ్చేపోయే మగవాళ్లందరినీ ‘బావ’ అని పిలిచి, టీ తాగించి, ఆ టీ అయ్యేలోపు బేరం కుదిర్చేవాడు. నన్ను సొంత చెల్లెలిలా పలకరించేవాడు. వ్యాపారంలో మాత్రం దరిదాపులకి రానిచ్చేవాడు కాదు.

బ్లాగు రాస్తున్నానని చెప్తే నవ్వాడు. “సెల్లెమ్మా, ఇది నోటితో సేసే పని. మనం ఓ మాటంటే పార్టీ అక్కడే కూకుండిపోవాల. నువ్వేటి, ఫోన్‌లో కతలు రాత్తానంతన్నావ్. ఎవుడు సదువుతాడు?”

“సదివేవోళ్లు సదువుతారన్నా,” అన్నాను.

ఎవరూ చదవలేదు. పెట్టిన పేరు మాత్రం బాగానే ఉంది, ‘ఇల్లు చూసొచ్చాను’ అని. అమ్మడానికి ఇళ్లు లేవు కాబట్టి కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు చూసొచ్చి రాసేదాన్ని. ప్రశాంతమైన వాతావరణం, ధారాళమైన గాలీ వెలుతురూ, అన్ని సౌకర్యాలకూ చేరువలో. ఆఫీసులో పంచిన రంగుల కాగితాల్లోని మాటలే నా వేళ్లకి అంటుకుని వచ్చేశాయి.

మా ఆయన స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. ఒక ఆదివారం ఇడ్లీ తింటూ నా బ్లాగంతా చదివాడు. చదివి ఫోన్ పక్కన పెట్టేశాడు.

“ఎలగుంది?” అన్నాను.

“నువ్వు రాసినట్టు నేదు. ఇంటికొచ్చి నాతో సెప్తావు సూడు, ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే ఒకలు బయటికి ఎల్లిపోవాల అని, బీరువా మెట్ల మీంచి రాదు, తాళ్లు కట్టి లాగాల అని. అది రాయి. అదైతే నాను సదువుతాను.”

కోపం వచ్చింది. ఇడ్లీ గిన్నె కాస్త గట్టిగానే సింకులో పడేశాను. కానీ సాయంత్రానికి ఆ మాట నిజమని తెలిసిపోయింది. ఇల్లు చూసొచ్చి ఇంట్లోవాళ్లతో మాట్లాడే నోరు ఒకటి, కొనేవాళ్లతో మాట్లాడే నోరు ఇంకొకటి పెట్టుకుని తిరుగుతున్నాను నేను.

కొన్నాళ్లకి నాకు మొదటి ఇల్లు దొరికింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషిది. పాత ఆఫీసులో నన్ను చూసిన గుర్తుతో పిలిచాడు. వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో, మూడో అంతస్తులో ఫ్లాటు. చాలా రోజులుగా ఖాళీగా ఉంది. చాలామంది ఏజెంట్ల చేతులు మారాకే నా దాకా వచ్చింది.

గదులు పెద్దవి. గాలి తలుపుల్ని కొట్టిపారేసేంత ఉంది. వంటింట్లో నలుగురు నిలబడొచ్చు. బాల్కనీలోకి వెళ్లి రెయిలింగు మీద చెయ్యి వేశాను. తీసి చూస్తే అరచెయ్యి నల్లగా ఉంది. రేవులో దించే బొగ్గు నుంచి గాలితో వచ్చే దుమ్ము అది. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఏ ప్రకటనలోనూ ఎవరూ రాయరు.

నేను రాశాను. నల్లటి అరచేతిని ఫోటో తీసి, అదే పైన పెట్టాను. “ఈ ఇంటి బాల్కనీలో పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్లీ చెయ్యి నల్లబడుతుంది. తెల్ల బట్టలు ఇక్కడ ఆరేయకండి. ఆ ఒక్కటీ తట్టుకోగలిగితే, ఇంత పెద్ద వంటిల్లు, ఇంత గాలి ఈ ధరలో ఊళ్లో ఇంకెక్కడా నేను చూడలేదు” అని రాశాను.

మర్నాడు పొద్దున్నే ఓనరు ఫోన్ చేశాడు.

“మీరు నా ఇల్లు అమ్ముతున్నారా, అమ్ముడుపోకుండా చూస్తున్నారా?”

“సార్, వచ్చినవాళ్లు బాల్కనీలో చెయ్యి పెట్టకుండా వెళ్తారా? ఇప్పటిదాకా వచ్చినవాళ్లందరూ బాల్కనీ చూశాకే మాట మార్చారని మీరే చెప్పారు కదా.”

“అది వేరు. మీరు ఊరంతా టముకు వేశారు. ఆ ముక్క తీసేయండి.”

తీసేయనని ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఉన్న ఒకే ఒక్క ఇల్లు అది. “దుమ్ము తెలిసి వచ్చేవాళ్లే కొనేవాళ్లు సార్. ఈ నెలాఖరు దాకా చూడండి. అప్పటికీ కాకపోతే తాళాలు నేనే తెచ్చిస్తాను,” అన్నాను. “నెలాఖరు దాకానే,” అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ నల్లటి అరచెయ్యి మాత్రం ఊరు తిరిగింది. ఎవరో వాట్సాప్ గ్రూపుల్లో వేశారు. మా ఇంట్లోనూ ఇంతేనని కొందరు, ఇల్లమ్మే మనిషి ఇలా రాయడమేమిటని కొందరు కామెంట్లు పెట్టారు. టీకొట్టు దగ్గర పాత ఏజెంటు నా చెవిన పడేలాగే అన్నాడు, “మా సెల్లెమ్మ కూకున్న కొమ్మనే నరుక్కుంది బావ.”

ఆ వారంలోనే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నానని చెప్పింది. “మేడం, ఆ దుమ్ము ఇల్లు ఇంకా ఉందా? మా అత్తకి సదివి ఇనిపించాను. మీతో మాట్లాడతానంతంది.”

ఫోన్ చేతులు మారింది. కాస్త బొంగురు గొంతు. “అమ్మా, దుమ్ము పడతాదని రాసింది నువ్వేనా?”

“నానే.”

“అయితే ఇంకో నిజం కూడా సెప్పు తల్లీ. ఆ ఇంట్లో సేపలు వండుకోనిత్తారా?”

 తెలీదని చెప్పి, ఓపాలి కలుద్దాం రమ్మన్నాను.

అత్తాకోడళ్లు ఇద్దరూ మా ముందుగదికి వచ్చారు. అత్తకి యాభై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు హార్బర్‌లో వేలంలో చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మిన మనిషి. ఇప్పుడు హోటళ్లకి చేపలు పంపుతుంది. కొడుకు బోటు మీద వేటకెళ్తాడు. కోడలికి జీతం వస్తుంది. లోను ఇవ్వడానికి బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు. ఇల్లు చూపించడానికే ఎవరూ ఒప్పుకోలేదు.

“ఏం పని సేత్తారని అడుగుతారు,” అందావిడ. “సేపలనగానే ఇల్లు అయిపోయిందంతారు. మర్నాడు సూత్తే ఆ ఇంటికి బోర్డు అలాగే ఏలాడతాది. ఈ గుంట నీ రాత సదివి ఇనిపిత్తే, ఉన్నది ఉన్నట్టు సెప్పే మనిషి ఒకరున్నారు గదా అనుకున్నాను.”

“అప్పా, సూసి నచ్చితే అప్పుడు మాట్లాడదాం,” అన్నాను, మావైపు అక్కని పిలిచినట్టు. ఆ బిల్డింగువాళ్లు ఏమంటారోనని లోపల మాత్రం భయంగానే ఉంది.

ఆటోలో ముగ్గురం వెళ్లాం. బిల్డింగు గేటు ముందు దిగగానే ఆవిడ ఆగిపోయింది. గేటు పక్కనున్న సిమెంటు మెట్టు వైపు చూసింది.

“ఇదా ఇల్లు,” అంది మెల్లగా. “ఈ మెట్టు మీద కూకుని ఎన్ని సేపలు తోమానో. పైనుంచి గిన్నెలట్టుకుని దిగేవోళ్లు. లోపల గదులెలగుంటాయో కూడా నాకు తెలీదు. లోపలికి ఎప్పుడూ ఎల్లనేదు.”

లిఫ్టులో ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇంట్లో ప్రతి గదీ తిరిగింది. వంటింట్లో గట్టు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత బాల్కనీలోకి వెళ్లి, నేను చేసినట్టే రెయిలింగు మీద చెయ్యి రాసి చూసుకుంది.

“రాసినంతా ఉంది,” అని నవ్వింది. చీర చెంగుకి తుడుచుకుని, రేవు వైపు చూస్తూ నిలబడిపోయింది. బోట్లు ఒకదాని వెనక ఒకటి లోపలికి వస్తున్నాయి. “మా వోడు వేట నుంచి వత్తే ఇక్కడినుంచే కనపడతాడు. ఇన్నాళ్లూ వొడ్డుకెళ్లి నిలబడేదాన్ని.”

అక్కడే, ఆ బాల్కనీలోనే, ఈ ఇల్లు ఈవిడకి ఇప్పించి తీరాలని నిశ్చయించుకున్నాను.

సంగతి తెలిసి అపార్టుమెంటు సెక్రటరీ నన్ను పిలిపించాడు. “చూడండి మేడం, ఇక్కడ ఫ్యామిలీలు ఉంటున్నాయి. నీచు వాసన అంటే ఇబ్బంది.”

“వాళ్లదీ ఫ్యామిలీయే సార్,” అన్నాను.

అందరినీ పిలిచి మాట్లాడదామన్నాడు. ఆదివారం పొద్దున్న కింద పార్కింగులో కుర్చీలు వేశారు. ఓనరు కూడా వచ్చాడు. నావైపు చూడకుండా చివర కూర్చున్నాడు. అత్తాకోడళ్లు మంచి చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్లని కూర్చోమని ఎవరూ అనకపోతే నా కుర్చీ లాగి ఇచ్చి నేను నిలబడ్డాను. సెక్రటరీ వాసన గురించీ, పిల్లల గురించీ, బిల్డింగు విలువ గురించీ మర్యాదగానే చాలాసేపు మాట్లాడాడు.

 ఆయన ఆపాక అడిగాను. “ఈ బిల్డింగులో చేపలు వండని ఇళ్లు ఎన్ని సార్?”

సెక్రటరీ చెయ్యెత్తాడు. ఇంకొకాయన ఎత్తబోయి భార్య వైపు చూసి దించేశాడు. ఎవరో నవ్వారు.

మొదటి అంతస్తులో ఉండే ఒక ముసలావిడ కళ్లజోడు సర్దుకుని చేపలావిడనే చూస్తోంది. “నువ్వు ఈ గేటు కాడ వంజరం సేపలు అమ్మేదానివి కదే,” అంది. “మా పెద్ద మనవడు పుట్టినప్పుడు మా కోడలికి పాలు పడతాయని సొర్ర పిట్టు సెయ్యమని సేప తెచ్చిచ్చావు.”

“నానే అమ్మా.”

ముసలావిడ సెక్రటరీ వైపు తిరిగింది. “ఆ మెట్టు మీద కూకుని మనందరి సేపలూ ఈవిడే తోమింది. అప్పుడు రాని వాసన ఇప్పుడొత్తాదేటి బాబూ?”

 అప్పుడు చేపలావిడ లేచి నిలబడింది.  “నాను ఇక్కడ అమ్మడానికి రాడం నేదు బాబూ, ఉండడానికొత్తన్నాను. నా యాపారం హార్బర్లోనే. ఇంట్లో వండేది మా కూడు. మీరందరూ వండుకున్నట్టే.”

ఓనరు దగ్గాడు. అందరూ అటు తిరిగారు. “ఫ్లాటు నాది,” అన్నాడాయన. “దుమ్ము ఉందని తెలిసీ అడిగిన మనిషి ఈవిడొక్కరే. నేను ఈవిడకే ఇస్తున్నాను.” అని కుర్చీలోంచి లేచి, గేటు వైపు నడిచాడు. వెళ్తూ వెళ్తూ మొదటిసారి నావైపు చూసి తలాడించాడు.

గృహప్రవేశం రోజు పాలు పొంగించాక, ఆవిడ నాకు పట్టుచీర పెట్టి భోజనానికి కూర్చోబెట్టింది. మొదటి అంతస్తు ముసలావిడ మోకాళ్ల నొప్పులని లిఫ్టులో వచ్చి, చేపల పులుసు రెండోసారి వేయించుకుంది. సెక్రటరీ రాలేదు. ఇంకో రెండు కుటుంబాలు ఇప్పటికీ ఆవిడతో మాట్లాడవని విన్నాను. ఆవిడ అది పట్టించుకుంటున్నట్టు నాకు కనపడలేదు.

ఆవిడ అనుమతితో ఈ సంగతంతా బ్లాగులో రాశాను. ఊరూ పేరూ లేకుండా, చేపలు వండుకోవచ్చా అని ఒక మనిషి ఎందుకు అడగాల్సి వచ్చిందో రాశాను. ఆ రాత నా అరచెయ్యి కన్నా దూరం వెళ్లింది. ఫోన్లు మొదలయ్యాయి. ఒంటరిగా ఉండే నర్సు, ఇద్దరు పిల్లల్తో విడిగా ఉంటున్న తల్లి, మామగారిని చక్రాల కుర్చీలో తిప్పాల్సిన కుటుంబం. ఇల్లు ఎలా ఉందని అడిగే ముందు, మమ్మల్ని ఉండనిస్తారా అని అడిగేవాళ్లు. నేను కనుక్కుని చెప్పేదాన్ని. ఉండనివ్వకపోతే ఆ మాటే చెప్పేదాన్ని.

పాత ఏజెంటు ఒకరోజు మా గుమ్మం ముందు బైకు ఆపాడు. కూర్మన్నపాలెంలో ఒక ఇల్లు ఎంతకీ కదలడం లేదట. “నువ్వోపాలి సూసి రాత్తావేటి సెల్లెమ్మా? ఇద్దరం సెరి సగం.”

“రాత్తానన్నా. ఏది కనపడితే అదే రాత్తాను.”

“అలాగే రాయి. ఆళ్లకి సెప్పే వచ్చాను,” అన్నాడు.

ఆ ఇల్లు ప్లాంటులో రిటైరైన ఒకాయనది. నేను వెళ్లేసరికి ఆయన భార్య తలుపు దగ్గరే ఎదురుచూస్తోంది. నీళ్లిచ్చి, హాలు చూపించకుండా తిన్నగా పడమటి గదిలోకి తీసుకెళ్లింది. గోడకి ఆనించిన మంచం తనే పక్కకి జరిపింది.

“ఇదిగో అమ్మా, వానలు పడితే ఈ గోడ సెమ్మెక్కుతాది. ముందు దీన్ని ఫోటో తీసుకో,” అంది. నేను బాగా తీయాలని కిటికీ రెక్కలు రెండూ తెరిచి, వెలుతురు పడేలా కర్టెను పట్టుకుని నిలబడింది.