పిన్ని ఉతుకుల లెక్క

మా పిన్ని ఎవరు కనిపించినా "బాగున్నారా?" అని అడగదు. "ఎన్నిసార్లు ఉతికారు?" అంటుంది. అవతలి మనిషి లిఫ్టులో ఉన్నా, ఆస్పత్రి వరండాలో ఉన్నా, ఎవరినో సాగనంపి కళ్ళు తుడుచుకుంటూ వస్తున్నా ప్రశ్న మారదు. జవాబు చెప్పేదాకా దారి వదలదు.

ఉతకాల్సింది బొంతల్ని. పిన్ని ఇంట్లోనే బొంతలు కుట్టి ఇస్తుంది. మీ పాత బట్టలు మూటగట్టి తెస్తే, వాటిని ఉతికి, ఆరేసి, కోసి, పొరలు పేర్చి, చేత్తో కుట్టి, మీరు పది కాలాలపాటు కప్పుకునేలా చేస్తుంది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గది వ్యాపారానికి, లోపలి గది కాపురానికి అని పైకి చెబుతుంది గానీ లోపలి గదిలోనూ మంచం కింద గుడ్డలే, మంచం మీద గుడ్డలే. ఒకసారి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నాకు దారపు ఉండ దొరికింది. బాబాయి పోయిన పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఈ సూది చలవే. కూతురి చదువూ, పెళ్ళీ కూడా ఆ సూది మొనమీదే నడిచాయి.

నేను ఆవిడ అక్క కూతుర్ని. ఉద్యోగం ఊడి ఇంట్లో కూర్చుంటే, "ఖాళీగా కూర్చుంటే ఆలోచనలెక్కువ, వచ్చి అంచులు కుట్టు" అని పిలిచి మిషను ముందు కూర్చోబెట్టింది. వచ్చి ఏడాదైంది. ఆ ఏడాదిలో నేను కుట్టిన అంచులకన్నా, పిన్ని ఫోన్లు విని దాచుకున్న నవ్వులే ఎక్కువ.

"హలో, నేను బొంతలావిణ్ణి. ఎన్నిసార్లు ఉతికారు?"

"అమ్మా, ఆఫీసులో మీటింగులో ఉన్నాను."

"మీటింగులో ఉతకమని నేనన్నానా? ఇంట్లో ఎన్నిసార్లు ఉతికారో చెప్పి మీ మీటింగు మీరు చేసుకోండి."

పాపం ఆయన నలుగురిలో గొంతు తగ్గించి "ఐదు" అన్నాడు. పిన్ని గోడ క్యాలెండరు మీద ఐదు గీతలు గీసి, "సబ్బా, పొడా?" అంది. ఫోన్ కట్టయింది. "పొడే అయ్యుంటుంది, లేకపోతే ఎందుకు పెట్టేస్తాడు?" అని తీర్మానించి పక్కన పొడి అని రాసుకుంది.

మా అపార్టుమెంటులోనే ఉండే పళ్ళ డాక్టరు సంగతి మరీ ఘోరం. ఆయన బొంత కుట్టించుకున్న రెండు నెలలకి పిన్నికి పన్ను పీకాల్సి వచ్చింది. నోటినిండా దూది, చేతిలో పటకారుతో డాక్టరు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"నొప్పిగా ఉందా అమ్మా?"

లేదని తల ఊపి, రెండు చేతులతో గుడ్డ పిండినట్టు చూపించి, కనుబొమ్మలెగరేసింది. డాక్టరు చాలాసేపు తెల్లబోయి చూసి, చివరికి "ఏడుసార్లండీ, ఏడు!" అన్నాడు. అప్పుడు నోరు తెరిచింది.

పిన్నికి ఇంకో అలవాటుంది. ఎవరి బట్టలు వచ్చినా ఒక్కోదాంట్లోంచి అరచెయ్యంత ముక్కలు రెండు కోసి పక్కన పెట్టుకుంటుంది. అవి రెండు బిస్కెట్ డబ్బాల్లోకి పోతాయి. నీలం డబ్బా ముక్కల్ని రోజూ కొన్ని తీసి ఉతికి, అంకె రాసిన చీటీ పిన్నీసుతో గుచ్చి, డాబా మీద దండేనికి ఆరేస్తుంది. ఎర్ర డబ్బా మీద మాత్రం నన్ను చెయ్యి వెయ్యనివ్వదు.

"పిన్నీ, ఈ ముక్కలు ఏ బొంతలోకీ పోవు కదా, ఎందుకు ఉతకడం?"

"మాసిపోతాయని."

"డబ్బాలో ఉన్నవి ఎలా మాసిపోతాయి?"

"ఇలా నువ్వొచ్చి పిసుకుతూ ప్రశ్నలడిగితే మాసిపోవా?"

పిన్ని అల్లుణ్ణి నేను బావగారంటాను. ఆయన వ్యాపారాభివృద్ధి మీద మూడు రోజుల శిక్షణ పొంది, ఆ పత్రానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్న మనిషి. సొంత వ్యాపారం లేదు కాబట్టి ఆ జ్ఞానమంతా అత్తగారి మీదే ప్రయోగిస్తాడు. రోజూ ఉదయం వచ్చి, టిఫిన్ చేస్తూ, కాగితం మీద గుండ్రాలు గీస్తాడు.

"అత్తయ్యగారూ, ఇదిగో, ఈ గుండ్రంలో మనం. ఈ గుండ్రంలో కొనేవాడు. వస్తువు ఇచ్చేశాక ఈ రెండిటికీ సంబంధం తెగిపోవాలి. ఇచ్చేసిన బొంత ఎన్నిసార్లు ఉతికారో మనకెందుకు?"

"పెళ్ళి చేసిచ్చేశాక మా అమ్మాయితో తెగిందా బాబూ? తెగితే నువ్విప్పుడు ఎక్కడ కూర్చుని తింటున్నట్టు?"

బావగారు ఇంకో గుండ్రం గీసి, అందులో ఏం రాయాలో తోచక, టిఫిన్ ముగించాడు.

ఇలా ఊరందరితో వేళాకోళంగా నడిచిన వ్యవహారం సెక్రటరీగారి దగ్గరకొచ్చేసరికి బెడిసికొట్టింది. ఆయన మా అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు గానీ త్రాసు మాత్రం ఆయన్ని వదల్లేదు. కూరగాయలు కొన్నా ఇంటికొచ్చి మళ్ళీ తూస్తాడు. మెట్ల మీద దీపం ఎన్ని గంటలకి వెలగాలన్న విషయం మీద రెండున్నర గంటలు మీటింగు నడిపిన ఘనత ఆయనది. ఆ మీటింగంతా చీకట్లోనే జరిగింది, దీపం వెలిగించడానికి ఇంకా తీర్మానం కాలేదు కాబట్టి.

భార్య పోయిన కొన్నాళ్ళకి ఆయన ఆవిడ గౌన్లు నాలుగు, ఇంట్లోని పాత దుప్పట్లు రెండు తెచ్చి, "రెండు కిలోల ఆరువందల గ్రాములు" అని చెప్పి మరీ పిన్ని చేతికిచ్చాడు. బొంత తయారయ్యాక త్రాసుతో సహా వచ్చాడు. బొంత తూచాడు. మిగిలిన పేలికలు తూచాడు. కుట్టుదారం బరువు లెక్కగట్టి తీసేశాడు. గుమ్మం ముందు నలుగురు పోగయ్యారు.

"నలభై గ్రాములు తక్కువొచ్చింది" అన్నాడు, దొంగని పట్టుకున్నవాడిలా.

పిన్ని తొణకలేదు. "కుట్టేముందు ఉతికాను కదండీ. ఆ నలభై గ్రాములూ మీ మురికి."

నలుగురూ ఘొల్లుమన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారం నిండిన లిఫ్టులో పిన్ని ఆయన్ని చూసి, అలవాటుగా, "ఎన్నిసార్లు ఉతికారు?" అంది. మళ్ళీ నవ్వులు. ఆయన మెడ నిటారుగా పెట్టి, "ప్రతి ఆదివారం! తప్పకుండా!" అని గర్జించాడు. పిన్ని ఇంటికొచ్చి ఆయన ముక్కకి ఆదివారం కేటాయించింది.

తొమ్మిది నెలలు దాటాక నోటీసు బోర్డు మీద కాగితం పడింది. "డాబాపై వ్యాపార సంబంధమైన బట్టలు ఆరవేయుట నిషేధించు విషయమై వచ్చే ఆదివారం సమావేశం. ఆరోపణలు సాక్ష్యాధారాలతో నిరూపించబడును. ఇట్లు, సెక్రటరీ."

మా బాల్కనీలో రెండు దిండు గలీబులు ఆరేస్తే మూడోదానికి చోటుండదు. ఉతికిన బట్టలు ఆరకపోతే కోయడం లేదు, కోయకపోతే కుట్టడం లేదు. డాబా పోయిందంటే పిన్ని వ్యాపారం పోయినట్టే.

బావగారు కొత్త గుండ్రాలతో దిగాడు. "సాక్ష్యాధారాలంటే ఇంకేంటి అత్తయ్యగారూ, దండేనికి వేలాడుతున్న ఈ ముక్కలే! అందరి బట్టల్లోంచీ కోసినవి. వెంటనే పారేసి, ఈ ఫోన్లు ఆపేసి, ఆయనకి క్షమాపణ చెప్పండి." అంటూనే నీలం డబ్బా సంచిలో వేసుకున్నాడు.

పిన్ని కత్తెర చేతిలోకి తీసుకుంది. "బాబూ, సంచి కింద పెట్టు."

"మీ మంచికే..."

"నా మంచి సంగతి నాకొదిలెయ్. ముందు సంచి కింద పెట్టు."

సంచీ దిగింది, బావగారూ కిందికి దిగాడు. ఆ పూట టిఫిన్ కూడా తినలేదంటే పరిస్థితి ఎంత దూరం వెళ్ళిందో అర్థం చేసుకోండి. నేను భయం దాచుకోలేక, "నిజంగా ఆపేస్తారేమో పిన్నీ" అన్నాను. ఆవిడ ఒకే సూదిలోకి మూడుసార్లు దారం ఎక్కించబోయి తప్పింది. పిన్ని గురి తప్పడం నేనదే చూడటం. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం ఉదయం పిన్ని మామూలుగా ఫోన్లు మొదలుపెట్టింది. వరుసలో సెక్రటరీగారి నంబరొచ్చింది.

"ఆయనకి వద్దు పిన్నీ, రేపే మీటింగు!"

"మీటింగు దారి మీటింగుది, ఉతుకు దారి ఉతుకుది." అని చేసేసింది. "ఎన్నిసార్లు ఉతికారు?"

అవతల ఆయన కోపంగా ఏదో మొదలుపెట్టాడు. మధ్యలో "అయ్యో! అయ్యయ్యో!" అని కేక వినిపించి ఫోన్ ఆగిపోయింది.

పావుగంటకి తలుపు చప్పుడైంది. సెక్రటరీగారు గుమ్మంలో ఉన్నాడు. చంకలో పాత పేపర్లు చుట్టిన మూట. చొక్కా గుండీలు ఒకటి మార్చి ఒకటి పెట్టుకున్నాడు. త్రాసు లేకుండా ఆయన్ని చూడటం అదే మొదటిసారి. పేపర్లు విప్పితే బొంత. సరిగ్గా నడిమధ్యన, ఆకుపచ్చ పూల గౌను ముక్క మీద, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో కాలిపోయి ఉంది.

"రేపు మీటింగులో సాక్ష్యంగా చూపిద్దామని ముడతలు పోయేలా ఇస్త్రీ చేస్తున్నాను. మీ ఫోనొచ్చింది" అన్నాడు. తిడదామనే వచ్చినట్టున్నాడు గానీ కాలిన చోటే తడుముతూ నిలబడ్డాడు. "ఆవిడకి ఆ ఆకుపచ్చదంటేనే ఇష్టం. ఏదైనా దారి ఉందా అమ్మా?"

పిన్ని లేచి నీలం డబ్బా తెచ్చింది. అంకె చూసి ఒక ముక్క తీసి కాలిన చోటు పక్కన పెట్టింది. పూలున్నాయి గానీ ఆకుపచ్చ వెలిసి గోడసున్నం రంగులోకొచ్చేసింది.

"ఇది వేరే బట్ట" అన్నాడాయన.

"అదే బట్టండీ. బొంత ఎంత వెలిస్తే మాసిక ముక్కా అంతే వెలవాలి. లేకపోతే ఎంత బాగా అతికినా మొహం మీద బొట్టుబిళ్ళలా కనబడుతుంది. అందుకే మీ ఇంట్లో ఎన్ని ఉతుకులో మా ఇంట్లో అన్ని ఉతుకులు. ప్రతి ఆదివారం అన్నారుగా, నలభై ఒక్క ఆదివారాలు ఉతికాను."

ఏడాదిగా నేను దాచుకున్న నవ్వులన్నీ నన్ను చూసి నవ్వినట్టయింది.

సెక్రటరీగారు వెలిసిన ముక్కని చూశాడు, చిక్కగా మెరుస్తున్న బొంతని చూశాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"ఒక్కసారి కూడా ఉతకలేదమ్మా" అన్నాడు చిన్నగా. "ఉతకబుద్ధి కాలేదు. ఆవిడ... ఆ బట్టలు..."

"నాకు తెలుసు" అంది పిన్ని, ఆయన్ని ఆ మాట పూర్తి చెయ్యనివ్వకుండా. లోపలికెళ్ళి ఎర్ర డబ్బా తెచ్చి, పేపర్లో చుట్టిన ఇంకో ముక్క తీసింది. చిక్కటి ఆకుపచ్చ. బొంత మీద పెడితే అది ఎక్కడుందో నాకే కాసేపు కనబడలేదు.

"నేను ఉతకలేదని మీకెలా తెలుసు?"

"దండేలు నావే కదండీ, రోజూ డాబా మీదే ఉంటాను. ఇన్ని ఆదివారాల్లో మీ బొంత ఒక్కసారైనా ఎండ మొహం చూడాలిగా?"

"మరి మొదటి ముక్క ఎందుకు ఉతికారు?"

"ఒకవేళ నిజమే చెబుతున్నారేమోనని. సెక్రటరీ మాటకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి కదా."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు నిద్ర లేచాడు. "ఆరు బట్టలు, ఒక్కోదానికి రెండు ముక్కలు, పన్నెండు. అంటే నలభై గ్రాములు! మురికి అన్నారు?"

"అబద్ధమాడాను. మీరూ ఆడారుగా. చెల్లుకి చెల్లు. కూర్చోండి, టీ తాగేలోపు మాసిక వేసేస్తాను."

మర్నాడు మీటింగులో సెక్రటరీగారు సాక్ష్యాన్ని అన్నట్టే ప్రవేశపెట్టాడు. బల్ల మీద బొంత పరిచి, "ఇందులో ఒకచోట నిన్న కాలింది. ఎక్కడో చూపించండి" అన్నాడు. ఇరవై మంది కళ్ళజోళ్ళు సవరించుకుని వెతికారు. పళ్ళ డాక్టరు టార్చి కూడా వేశాడు. ఎవరికీ దొరకలేదు. అప్పుడు ఆయన నీలం డబ్బా సంగతీ, ఎర్ర డబ్బా సంగతీ, తన ఆదివారాల సంగతీ దాచకుండా చెప్పి, దండేలు ఉండాలని తీర్మానం చదివాడు. ఆ సంఘం చరిత్రలో మూడు నిమిషాల్లో ముగిసిన మీటింగు అదొక్కటే.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది బావగారు. ఇదంతా తను గీసిన రెండో గుండ్రంలో ఎప్పుడో ఉందని పక్కవాళ్ళకి చెప్పుకున్నాడు కూడా.

అసలు తమాషా తర్వాత మొదలైంది. ఒక్కొక్కళ్ళూ గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకుంటూ పిన్ని దగ్గరికి వచ్చారు. ముందు పళ్ళ డాక్టరే. "అమ్మా, ఆ రోజు కంగారులో ఏడు అన్నాను. రెండేనండి."

"తెలుసు బాబూ. మీది రెండు ఉతుకుల ముక్క ఎర్ర డబ్బాలో భద్రంగా ఉంది."

లిఫ్టు నిండిపోవడంతో మెట్లెక్కి ఇంటికొస్తూ నేను, "ఎంత పని పిన్నీ! ఒక్కొక్కళ్ళ అబద్ధానికీ నిజానికీ వేరువేరుగా ఉతుకుతున్నావా? నిజం చెప్పమని గట్టిగా అడగొచ్చుగా?" అన్నాను.

"బొంత కప్పుకునేది వెచ్చగా ఉండటానికే. దానికోసం మనిషిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తే ఎలా?" అంది ఆయాసపడుతూ. నాలుగో అంతస్తు చేరాక తాళం తీస్తూ నా వైపు తిరిగింది. "ఏమే, పోయిన చలికాలం నీకొకటి కుట్టిచ్చాను కదా, ఎన్నిసార్లు ఉతికావు?"

"నెలకోసారి పిన్నీ" అన్నాను, తడుముకోకుండా.

పిన్ని లోపలికెళ్ళి, చెప్పులు విడిచి, ఎర్ర డబ్బా మూత తీసింది.